పలచ నాటు

కాలువలోకి నీళ్ళు వచ్చిన పొద్దున మేకలు కాలువలోనే ఉన్నాయి.

ముందు ఎండుటాకులు వచ్చాయి. వాటి వెనక ఒక ప్లాస్టిక్ చెప్పు వచ్చింది. దాని వెనక నురగ, నురగ వెనక నీళ్ళు. మేస్త్రక్క పెరట్లో నిలబడి ముఖం కడుక్కుంటోంది. మేకల అరుపు రోజూలా లేదనిపించి తల తిప్పింది. మేకలు గుంజల చుట్టూ తిరుగుతూ ఒక్కో కాలూ పైకెత్తి చూసుకుంటున్నాయి.

“ఏవయ్యోయ్, నీ మేకలకి స్నానాలవుతున్నాయి” అని ఇంట్లోకి కేకేసింది.

ఆమె మొగుడు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి నీళ్ళు మేకల మోకాళ్ళ దాకా ఉన్నాయి. అతను కాలువలోకి దూకి తాళ్ళు విప్పబోయాడు. తడిసిన ముడి రాలేదు. పళ్ళతో లాగాడు. గట్టు మీద జనం చేరారు. ఒకరి కట్టెల మోపు తేలిపోతోంది. ఒకరి కోళ్ళగంప నీళ్ళలో పడి వెళ్ళిపోతుంటే గంప తాలూకు ఆవిడ గట్టు వెంట పరిగెత్తుతోంది. ఆ చివర ఇళ్ళ వాళ్ళకు పిల్లకాలువ అంటే కప్పు లేని గది. ఎండాకాలంలో ప్రభుత్వం వాళ్ళు పొక్లెయిన్ తెచ్చి పూడిక తీస్తుంటే అందరూ సామాను తీసి పక్కన పెట్టుకున్నారు. యంత్రం వెళ్ళాక మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టారు.

గడప మీద కూర్చున్న అత్తగారు చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది.

“నీరు పల్లమెరుగు అన్నవాడెవడో మన పల్లం చూసుండడు అనుకునేదాన్ని. ఇన్నాళ్ళకి దారి దొరికిందా దీనికి?” అంది.

లష్కరు పై నుంచి గట్టు మీద నడిచి వచ్చాడు. కాలువ గేట్లు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. భుజాన షట్టరు తిప్పే ఇనప కడ్డీ ఉంది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది. నీళ్ళతో పాటే నడిచి వచ్చినట్టున్నాడు.

“వచ్చాయా లేదా? మీటింగులో ఇంజనీరు గారు చెప్తే ఒక్కరన్నా నమ్మారా?” అన్నాడు.

“నమ్మబట్టేగా చప్పట్లు కొట్టాం” అంది రేడియో. రేడియో అంటే మేస్త్రక్క తోడికోడలు. ఆ పేరు ఎందుకు వచ్చిందని ఎవరూ అడగరు.

“మీరు చప్పట్లు ఎప్పుడూ కొడతారు. సరే వినండి. పెద్ద కాలువంతా సిమెంటు చేశారు, పై తూములన్నిటికీ తాళాలు పడ్డాయి. ఈసారి రూలు తిరగబడింది. ముందు చివరాళ్ళకి, తర్వాత పైవాళ్ళకి. ఈ వారం మీది, వచ్చే వారం వాళ్ళది. ఈ వారంలోనే దమ్ము చేయించుకుని నాటేసుకోండి. నాటిన మొక్క అయితే మళ్ళీ వంతు వచ్చేదాకా ఓర్చుకుంటుంది. ఒట్టి బురద ఆరిపోయిందంటే పని మళ్ళీ మొదటికొస్తుంది. ఇంతకీ నారు ఎక్కడ పోశారు?”

మేస్త్రక్క మొగుడు చివరి మేకను గట్టు మీదికి తోసి తానూ ఎక్కాడు.

పోయినేడు ఇంజనీరు మాట మీద వీళ్ళు నారు పోశారు. అది జానెడు ఎదిగి ఎండిపోయింది. అంతకు ముందేడూ అంతే. ఈ ఏడు చప్పట్లు కొట్టి ఇంటికొచ్చి, విత్తనానికి దాచిన వడ్లు మరపట్టించుకుని తిన్నారు.

“పోయలేదా? ఒక్కరు కూడా?” లష్కరు కడ్డీ దించి నేలకు ఆనించాడు. “మరి ఈ నీళ్ళేం చేసుకుంటారు, మేకల్ని కడుక్కుంటారా?”

“అది అయిపోయింది” అన్నాడు మేస్త్రక్క మొగుడు, లుంగీ పిండుకుంటూ.

అందరూ నవ్వారు. మేస్త్రక్క నవ్వలేదు. నీళ్ళు ఆమె చేను దగ్గరికి వెళ్ళి, మడవ మూసి ఉండడం చూసి, అక్కడ ఆగి పైకి లేస్తున్నాయి. నారు ఎదగడానికి మూడు వారాల పైన పడుతుంది. నీళ్ళు ఉండేది వారం. ఆమె పలుగు తీసుకుని వెళ్ళి మడవ తెరిచింది.

మర్నాడు మేస్త్రక్క నాట్ల ముఠా తూమాయన పొలానికి వెళ్ళింది. అతని పొలం పిల్లకాలువ మొదట్లో, తూముకు ఆనుకుని ఉంటుంది. అందుకే ఆ పేరు. బోరు కూడా ఉంది కనుక కాలువ వంతుతో అతనికి నిమిత్తం లేదు. ఆ రోజు నుంచి నారు పీకి నాటు పెట్టాలని ముందే అనుకున్న మాట. ముఠాలో ఆడవాళ్ళంతా చివర ఇళ్ళ వాళ్ళే. మేస్త్రక్క లెమ్మంటే లేస్తారు, దిగమంటే దిగుతారు.

నారు మడి నిండుగా ఉంది. మేస్త్రక్క వంగి, మొక్కల్ని మొదట్లో పట్టుకుని పక్కకు లాగింది. పైకి లాగితే తెగుతాయి. పక్కకు లాగితే వేరుతో వస్తాయి. పిడికిలి నిండాక వేళ్ళను పాదానికేసి కొట్టి మట్టి దులిపి, గడ్డిపరకతో చుట్టి, కట్టను వెనక్కి వేసింది. అట్లా ఆరేడు కట్టలయ్యాక తూమాయన గట్టు మీదికి వచ్చాడు. ఆమె నడుం ఎత్తింది.

“బాబాయ్, కింద నీళ్ళొచ్చాయి.”

“విన్నా. మంచిదే కదా. నేను అంటూనే ఉన్నా, మీకూ వస్తాయిలే ఓ ఏడు అని.”

“మాకు నారు లేదు.”

“ఎందుకు పోయలేదూ?”

“వస్తాయనుకోలేదు.”

తూమాయన నవ్వాడు. ఆ నవ్వులో ఎకసెక్కం లేదు. “మబ్బును చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకునేవాళ్ళని చూశా గాని, వాన పడుతుంటే ముంత బోర్లించుకుని కూర్చున్నవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా” అన్నాడు.

“నారు కావాలి బాబాయ్. నాకూ, మా వాళ్ళకీ.”

“నా నాటు కానీ. మిగిలిందంతా పట్టుకుపో. ఎప్పుడన్నా వద్దన్నానా?”

అనలేదు. ఆ మాట నిజం. ప్రతి ఏడూ నాటు అయ్యాక మిగిలిన కట్టలు గట్టు మీద పడి ఉంటాయి. ఆడవాళ్ళు తలా ఒక చంకెడు తీసుకెళ్ళి బావి పక్కన తేమ ఉన్నంత మేరా నాటుకుంటారు. తక్కినవి అతని పశువులు తింటాయి.

“మీ నాటు అయ్యేసరికి మా నీళ్ళు పోతాయి” అంది మేస్త్రక్క.

“దానికి నేనేం చెయ్యను? రూలు పెట్టినవాళ్ళని అడుగు.” అతను ముఠా వైపు తిరిగాడు. “కుదురు దండిగా పెట్టండమ్మా. నాలుగైదు మొక్కలుండాలి. రోడ్డు మీంచి చూస్తే నేల కనపడకూడదు.”

ఇది అతను ఏటా చెప్పే మాట. ఏటా అలాగే పెడతారు.

మధ్యాహ్నం దాకా నారు పీకారు. అన్నం తినడానికి గట్టెక్కినప్పుడు ఆడవాళ్ళు డబ్బాలు తెరిచారు గాని మాటలు తక్కువగా ఉన్నాయి. రేడియో కూడా తింటోంది. మేస్త్రక్క చెయ్యి కడుక్కుని, చీర కుచ్చిళ్ళు దించుకుని తూమాయన దగ్గరికి నడిచింది.

“పీకిన కట్టలు నీళ్ళలో పెట్టించా బాబాయ్. రేపట్నుంచి ఈ వారం ముఠా రాదు. మా చేలు దమ్ము చేయించుకోవాలి.”

“నారు లేకుండా దమ్మెందుకే?”

“చేయిస్తాం.”

అతను బండెక్కాడు. “ఈ చుట్టుపక్కల నీదొక్కటే ముఠా అనుకుంటున్నావా? సాయంత్రానికి ఇంకోటి తెచ్చుకుంటా. తర్వాత వచ్చి బాబాయ్ అంటే పలకను” అని బండి స్టార్టు చేశాడు.

ఇంటికి నడుస్తుంటే రేడియో ఆమె పక్కకు చేరింది. “అక్కా, కూర్చున్న కొమ్మ నరుక్కోలేదు కదా మనం?”

“ఏమో.”

“ఏమో అంటావేంటి? ఈ పొలం కూలి లేకపోతే మనకి ఏడాది గడవదు.”

“తెలుసు. నీళ్ళుండి కూడా చేను బీడు పెడితే, ఇక ఏటా ఈ కూలే. అది కూడా తెలుసు.”

రేడియో మరి మాట్లాడలేదు. అది చూసి వెనక వస్తున్నవాళ్ళకు కంగారు పుట్టింది.

దమ్ము చేయడానికి అద్దె ట్రాక్టరు మేస్త్రక్క చేలోకి దిగిన రోజు, సగం నీళ్ళు నేల పగుళ్ళలోకే పోయాయి. ఆమె గట్టు వెంట తిరుగుతూ, నీళ్ళు బుసబుసమని దిగుతున్న చోటల్లా బురద ముద్ద పెట్టి మడమతో తొక్కుతోంది. మొగుడు ఎదురు గట్టు మీద అదే పని చేస్తున్నాడు.

“పెళ్ళికూతురు లేకుండా పందిరేస్తున్నాం” అన్నాడు అక్కడి నుంచి.

“తొక్కు, మాట్లాడక.”

“తూమాయనతో పెట్టుకోవడం ఎందుకే? మిగిలిన నారిస్తా అన్నాడుగా?”

“మిగిలింది ఏటా తెచ్చుకుంటున్నాం. ఏటా ఎన్ని గింజలు కొలిచావు?”

అతను తొక్కాడు.

ఎండ ఎక్కాక తూమాయన భార్య కాలువ గట్టు మీద నడుచుకుంటూ వచ్చింది. గట్టు జారుతోందని చెప్పులు చేత్తో పట్టుకుంది. నేరుగా ఇంటికి వచ్చి, అత్తగారు కూర్చున్న గడప పక్కన అరుగు మీద కూర్చుంది. మేస్త్రక్క కాళ్ళు కడుక్కోకుండానే వచ్చి మంచినీళ్ళు ఇచ్చింది. మొగుడు మేకకు ఆకు వేసే నెపంతో వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

“ఇదిగో అమ్మాయ్, ఆయన బండేసుకుని నిన్నట్నుంచి ఊళ్ళు తిరుగుతున్నాడు” అంది ఆవిడ. “ఏ ఊరెళ్ళినా చివరాళ్ళకి నీళ్ళొచ్చాయట. మా నాట్లు మాకున్నాయి, మేం రాం అంటున్నారట. ఒక ఊళ్ళోనైతే ఎదురు ఈయన్నే అడిగారట, మీ ఊళ్ళో ముఠా ఏదన్నా ఖాళీగా ఉందా అని.”

అత్తగారికి నవ్వాగలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆవిడా నవ్వింది.

“నవ్వండి, నవ్వండి. ఇంట్లో నాతో మాట్లాడ్డం మానేశాడు ఆయన. పీకిన కట్టలు నీళ్ళలో ఉన్నాయి. ఎన్నాళ్ళాగుతాయి? మడిలో ఉన్నది ముదిరిపోతోంది. ఏదో ఒకటి చెప్పు.”

“నేను చెప్పేది నిన్ననే చెప్పా పిన్నీ. నారు కావాలి.”

“ఇస్తే మాకు చాలదుగా?”

అత్తగారు ఆవిడ చేతిని తట్టింది. “వదినా, మీ చేలో కుదురుకి ఎన్ని మొక్కలు పెట్టిస్తారు?”

“నాలుగైదు.”

“నేను రెండే పెడతా.”

“రెండే?”

“గట్టు మీద ఏరుకొచ్చుకున్న నారు కదా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని నాటాలి. బావి పక్క మా మడికి ఎప్పుడూ రెండే. నాటిన రోజు చూస్తే ఏడుపొస్తుంది. నెల పోనిచ్చి చూడు, పిలకలేసి చెయ్యి దూరదు. నమ్మకపోతే తన చేత్తో నాటే దీన్నడుగు. మీ చేలో దండిగా పెట్టేది ఇదే, మా మడిలో రెండేసి పెట్టేదీ ఇదే.”

మేస్త్రక్క తన చేతుల వైపు చూసుకుంది. వేళ్ళ సందుల్లో బురద ఆరి తెల్లబడింది. ఈ రెండు పనులూ చేసేది ఒకే చెయ్యని ఆమెకు తెలుసు. పైన చేసే పని పైనదిగా, ఇంటి పని ఇంటిదిగా ఉండిపోయింది. రెంటినీ కలిపి చూడాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

“రెండేసి పెడితే మీ నారు మీకూ వస్తుంది, మాకూ వస్తుంది పిన్నీ” అంది.

“ఆయన ఒప్పుకోడు. రోడ్డు మీంచి నేల కనపడకూడదు ఆయనకి. చాలకపోతే అప్పుడెవరు పూచీ?”

“నేను. మీ చేను నిండకపోతే నా చేలోంచి పీకి మీ చేలో నాటుతా.”

గోడ పక్క నుంచి మొగుడు ఇవతలికి వచ్చాడు. చేతిలో ఆకు మేక లాక్కుంది. “ఏమంటున్నావే?”

“అన్నాను కదా.”

ఆవిడ ఇద్దరినీ చూసింది. గ్లాసు కింద పెట్టి లేచింది. “ఈ మాట ఆయన ముందు అనగలవా?”

“ముందు ఆయన్ని బండి దిగమనండి.”

మర్నాడు పొద్దున్నే తూమాయన పొలంలో గట్టుకు దగ్గరగా మేస్త్రక్క ఒక వరస నాటి చూపించింది. ఎడం చేతిలో కట్ట. కుడి చేతి బొటనవేలితో రెండు మొక్కలు జార్చి, వేళ్ళతో మట్టిలోకి నొక్కి, ఒక అడుగు వెనక్కి. మళ్ళీ రెండు, మళ్ళీ వెనక్కి. తూమాయన నడుం మీద చేతులు వేసుకుని చూశాడు.

“ఇది నాటా? బట్టతలకి నూనె రాసినట్టుంది” అన్నాడు.

“మీ తలకంటే నయమే” అంది భార్య. ఆవిడ అప్పటికే చీర దోపుకుని నారుమడిలో దిగి ఉంది. పీకే చేతులు చాలవని తనూ వచ్చింది. మొక్కను పక్కకే లాగుతోంది.

అతను తల తడుముకున్నాడు. “నిండకపోతే?”

“పీకుతా.”

“అందరివీనా?”

“అందరి సంగతి నేనెట్లా చెప్తా? ముందు నాది పీకుతా.”

అతను నారుమడి వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. నిన్నంతా తిరిగిన బండి చక్రాలకు నాలుగు ఊళ్ళ మట్టి ఉంది. “పట్టుకుపోండి” అన్నాడు. “సగం దాటితే ఊరుకోను.”

కట్టలు కాలువలోనే వచ్చాయి. మోయడమెందుకని రేడియో ఒక్కో కట్టా నీళ్ళలో వదిలింది. కింద మేస్త్రక్క మొగుడు మోకాళ్ళ లోతులో నిలబడి పట్టుకుని గట్టుమీదికి విసిరాడు. ఒకటి రెండు మేకల పాలయ్యాయి. అత్తగారు కర్ర పుచ్చుకుని వాటికి కాపలా కూర్చుంది.

చివరాళ్ళ చేలన్నీ ముఠాయే నాటింది. ఈ రోజు ఒకరి చేను, రేపు ఇంకొకరిది. ఇందులో కూలి లేదు. అన్నం మాత్రం చేను వాళ్ళది. మునుం పట్టినప్పుడు చురుకైనవాళ్ళు రెండు కొసలా, తక్కినవాళ్ళు మధ్యలో నిలబడతారు. అందరూ ఒకేసారి వంగి, ఒకేసారి వెనక్కి నడుస్తారు. వెనక్కి నడుస్తూ ముందుకు సాగే పని ఇదొక్కటే. రేడియో చేలో దిగిన పూట మేస్త్రక్క కుడి కొసన ఉంది. మధ్యలో ఒకచోట పచ్చదనం మిగతా వరసల కంటే ఎక్కువగా కనిపించింది. ఆమె నడుం ఎత్తి అటు నడిచింది. రేడియో కుదురుకు నాలుగేసి పెడుతోంది.

“ఏంటే ఇది?”

రేడియో తలెత్తలేదు. “నా చేనే కదక్కా. పుట్టి బుద్ధెరిగాక నా చేనంతా నాటుకోవడం ఇదే మొదలు. నిండుగా చూసుకోవాలని ఉండదా?”

“ఉంటుంది. తూమాయనకీ అదే ఉంది.”

మేస్త్రక్క వంగి, ఒక్కో కుదురులోంచి రెండేసి మొక్కలు తీసి రేడియో చేతిలో పెట్టింది. వరస చివరి దాకా అలాగే తీసింది. రేడియో వాటిని కట్టలో కలుపుకుంటూ, “నీ చేను పీకాల్సి వస్తుందని భయమా?” అని అడిగింది.

“భయమే.”

“ముందే ఆ మాట చెప్పొచ్చుగా” అని రేడియో వంగింది. ఆ తర్వాత ఎవరు మూడు పెట్టినా మేస్త్రక్క కంటే ముందు రేడియో అరిచింది.

మేస్త్రక్క చేను అందరికంటే చివర నాటారు. సాయంత్రం గట్టెక్కి చూస్తే నీళ్ళే ఎక్కువ కనిపించాయి. మధ్యమధ్య పరకలు, సగం ఒరిగిపోయి. మొగుడు పక్కన వచ్చి నిలబడ్డాడు.

“పీకాల్సి వచ్చినా పెద్ద కష్టపడక్కర్లేదు. ఏముంది ఇందులో?” అన్నాడు.

“దిష్టి పెట్టకు” అంది ఆమె.

వారం తిరిగాక లష్కరు కింది షట్టరు దించి పైవి ఎత్తాడు. ముఠా తూమాయన పొలంలో దిగింది. రోజూ అతను గట్టు మీదే ఉన్నాడు. చెప్పాల్సిన మాట ఏమీ లేక, “కుదురు...” అని మొదలుపెట్టి ఆపేసేవాడు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు బండ్లు ఆపి పలకరించారు. “ఏం బావా, నాటు మధ్యలో ఆపేశావేంటి?” అని ఒకడు. “నారు చాలకపోతే చెప్పకూడదూ, మేమిచ్చేవాళ్ళం కదా” అని ఒకడు. అతను ప్రతిసారీ మేస్త్రక్క వైపు ఒకసారి చూశాడు. ప్రతిసారీ ఆమెకు తెలిసింది.

చివరి రోజుకు రోడ్డు పక్క మడి మిగిలింది. అన్నిట్లోకీ పెద్దది అదే. నారుమడి ఖాళీ అయింది. గట్టు మీద ఉన్న కట్టలే ఉన్నవి. మధ్యాహ్నం అన్నం దగ్గర ఎవరూ ఆ కట్టల వైపు చూడకుండా తిన్నారు. మేస్త్రక్క సగం అన్నం డబ్బాలోనే ఉంచి మూత పెట్టింది.

మళ్ళీ దిగారు. ఒక కట్ట అయిపోగానే తూమాయన భార్య ఇంకోటి విసిరేది. కట్ట నీళ్ళలో పడిన చప్పుడు వినగానే మేస్త్రక్క నాటడం ఆపకుండా ఒక్కసారి గట్టు వైపు చూసేది. తన చేలో ఏ మూల నుంచి మొదలుపెట్టి పీకాలో కూడా అనుకుంది. బావి వైపు మూల. అక్కడ నేల మెత్తన, వేరు తెగకుండా వస్తుంది. మునుం వెనక్కి జరుగుతోంది. రోడ్డు మీద బస్సు హారను దగ్గరగా వినిపించింది. ఇంకో రెండడుగులు వేశాక ఆమె మడమ దేనికో తగిలింది. వెనక్కి చూసింది. గట్టు.

ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నడుం ఎత్తారు. మడి నిండింది. గట్టు మీద కట్టలు ఇంకా ఉన్నాయి. ఒక మోపుకు తక్కువ, చంకెడుకు ఎక్కువ.

మేస్త్రక్క గట్టు మీద కూర్చుని, డబ్బా మూత తీసి, మధ్యాహ్నం వదిలేసిన అన్నం తినడం మొదలుపెట్టింది.

తూమాయన కట్టల దగ్గరికి వచ్చాడు. కాలితో ఒకదాన్ని కదిపి చూశాడు. మడి వైపు చూశాడు. ఆ తర్వాత ఏటా అనే మాటే అన్నాడు.

“మిగిలింది పట్టుకుపోండమ్మా.”

ఆడవాళ్ళు బోరు గొట్టం దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. ఎవరూ కదల్లేదు.

“ఎక్కడ పెట్టుకుంటాం బాబాయ్?” అంది రేడియో. “మా చేలన్నీ నిండాయి. తల్లో పెట్టుకోమంటారా?”

నవ్వులు లేచాయి. తూమాయన అక్కడే నిలబడ్డాడు. ఏ ఏడూ అతను ఈ మాట అని వెనక్కి తిరిగేసరికి మంచి కట్టలు ఉండేవి కావు.

అతని భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. “వచ్చే ఏటికి ఇప్పుడే చెప్తున్నా మేస్త్రీ, మా నాటుకి మీరే రావాలి.”

“వస్తాం పిన్నీ. మా నాట్లయ్యాక.”

“మీ నారు మీరు పోసుకుంటారుగా ఈసారి?”

“ముంత తిప్పి పెట్టుకుంటాం.”

తూమాయన ఆ మాట విని ఆమె వైపు తిరిగాడు. నవ్వు ఆపుకోబోయాడు గాని ఆగలేదు.

“ఆ కట్టలు మేస్త్రీ వాళ్ళాయన మేకలకన్నా ఇచ్చిరండి” అంది భార్య అతనితో. “కాలువలో నీళ్ళొచ్చి పాపం వాటి ఇల్లు పోయింది.”

అతను కట్టల్ని బండి వెనక తాడుతో కట్టాడు. ఆడవాళ్ళు ముందు నడిచారు. వెనక బండి మెల్లగా, మొదటి గేరులో వచ్చింది. చివర ఇళ్ళ వైపు అతని బండి రావడం అక్కడివాళ్ళు ఎప్పుడూ చూడలేదు. అత్తగారు గడప మీంచి లేచి నిలబడింది. మేస్త్రక్క మొగుడు వచ్చి కట్టలు దించుకున్నాడు. మేకలు చింతచెట్టు కింద కట్టి ఉన్నాయి. అతను తాడు విప్పకముందే అవి ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలుపెట్టాయి.

తూమాయన బండి దిగి మేస్త్రక్క చేను గట్టు మీద నిలబడ్డాడు. మొక్కలు తేరుకున్నాయి. ఒరిగినవి లేచి నిలబడ్డాయి. పసుపు పోయింది. అతను చెప్పులు విప్పి, పంచె ఎత్తి కట్టి చేలోకి దిగాడు. నాలుగడుగులు వేసి ఒక కుదురు దగ్గర వంగి, వేళ్ళతో దాన్ని విడదీసి చూశాడు. పక్క కుదురూ చూశాడు.

“మేస్త్రీ, ఇందులో మూడున్నాయే. నా నారు దొంగతనంగా నాటావా?”

మేస్త్రక్క కూడా దిగి వచ్చి వంగింది. రెండు మొక్కల మధ్య మొదట్లో, గోరంత మొన ఒకటి బయటికి వచ్చి ఉంది.

“నేను రెండే పెట్టా బాబాయ్. మూడోది అదే వేసుకుంది.”

అతను ఆ మొనను వేలితో తాకాడు. లేచి, తన పొలం ఉన్న వైపు చూశాడు. అక్కడి నుంచి పొలం కనపడదు. కాలువ గట్టే కనపడుతుంది.

“నా చేలో ఒక్కటీ లేదింకా” అన్నాడు.

“మీకూ వస్తాయిలే బాబాయ్” అంది మేస్త్రక్క. “ఓ వారం.”

చింతచెట్టు కింద మేకలు కట్టలు విప్పుకుంటున్నాయి.